ఎన్నికల విరాళాల రికార్డులు వెతికే ఏఐ ఏజెంటుకు టూల్ వివరణ రాయడం ఎలా

అమెరికా ఫెడరల్ ఎన్నికల్లో ఎవరు ఎవరికి ఎంత విరాళం ఇచ్చారన్నది ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ దగ్గర బహిరంగ రికార్డుగా ఉంటుంది. 1974 నాటి చట్ట సవరణతో ఏర్పడి 1975లో పని మొదలుపెట్టిన ఈ సంస్థ, తన దగ్గరున్న సమాచారాన్ని ఓపెన్‌ఎఫ్‌ఈసీ అనే ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా సమాచారం అడిగి తెచ్చుకునే మార్గం) ద్వారా ఎవరికైనా ఉచితంగా అందిస్తోంది. దాని ఆధారంగా నాలుగైదు టూల్స్ (ఏజెంటు అవసరమైనప్పుడు పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాములు) తయారుచేసి ఏఐ ఏజెంటుకు జతచేయడం ప్రోగ్రామింగ్ తెలిసినవారికి పెద్ద పనేమీ కాదు. ఆ టూల్స్‌కు వివరణ రాయడం దగ్గరే చిక్కంతా ఉంది. ఈ రికార్డులోని అంకెలు చూడగానే అర్థమైపోయినట్టు అనిపిస్తాయి గానీ, చట్టం వాటికి ఇచ్చిన అర్థం చాలాచోట్ల వేరుగా ఉంటుంది. ప్రోగ్రామర్ అయితే అనుమానం వచ్చినచోట ఆగి, తెలిసినవారిని అడిగి ముందుకు వెళ్తాడు. ఏజెంటు అలా ఆగదు. మీరు రాసిచ్చిన రెండు మూడు పేరాల మీదే ఆధారపడి, అంతే ధీమాగా జవాబు చెప్పేస్తుంది. ఆ పేరాలను ఎలా రాయాలో ఇక్కడ వరుసగా చూద్దాం. సౌలభ్యం కోసం ఫీల్డుల పేర్లను తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీ కోడ్‌లో అవి ఏపీఐలో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాలతో ఉండాలి.

మొదటి పని: పరిధిని మొదటి వాక్యంలోనే చెప్పండి

టూల్‌ను ఎంచుకునేటప్పుడు ఏజెంటు ప్రధానంగా చూసేవి మూడు: టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కు ఏ విలువలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక). 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన, టూల్స్‌ను ఏఐకి జతచేసే పద్ధతి అయిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వాడినా, మరో పద్ధతి వాడినా పరిస్థితి ఇదే. మీ రీడ్‌మీ ఫైలుగానీ, కోడ్‌లో మీరు శ్రద్ధగా రాసుకున్న కామెంట్లుగానీ దాని కంట పడవు. కాబట్టి అతి ముఖ్యమైన విషయం వివరణలోని మొదటి వాక్యంలో ఉండాలి, ఈ రికార్డుల విషయంలో అది పరిధి.

ఓపెన్‌ఎఫ్‌ఈసీలో ఉండేవి అధ్యక్ష, సెనేట్, ప్రతినిధుల సభ ఎన్నికలకు సంబంధించిన లెక్కలు మాత్రమే. గవర్నర్లు, రాష్ట్ర శాసనసభ్యులు, మేయర్ల ఎన్నికల లెక్కలు ఆయా రాష్ట్రాల, నగరాల సంస్థల దగ్గర ఉంటాయి. ఈ సంగతి చెప్పకుండా వదిలేస్తే, ఎవరైనా ఒక గవర్నర్ అభ్యర్థి గురించి అడిగినప్పుడు టూల్ ఖాళీ జాబితా ఇస్తుంది, ఏజెంటు దాన్ని చూసి ‘ఈ అభ్యర్థికి విరాళాలేవీ అందలేదు’ అని చెప్పేస్తుంది. ఆ అభ్యర్థి ఎప్పుడో ప్రతినిధుల సభకు పోటీ చేసి ఉంటే పరిస్థితి ఇంకా ఇబ్బందికరం: అప్పట్లో అతని తరఫున డబ్బు వసూలు చేసి ఖర్చుపెట్టిన పాత కమిటీ లెక్కలు దొరుకుతాయి, ఏజెంటు వాటినే ఇప్పటి పోటీకి అంటగడుతుంది. అందుకే ‘ఇది ఫెడరల్ ఎన్నికల రికార్డు మాత్రమే, రాష్ట్ర, స్థానిక పదవుల గురించి అడిగితే ఈ టూల్ వాడకుండా ఆ విషయం వినియోగదారుకు చెప్పాలి’ అన్న వాక్యాన్ని ప్రతి టూల్ వివరణలోనూ మళ్లీ మళ్లీ రాయండి. చదివే మనిషికి అది విసుగు పుట్టించవచ్చు, కానీ ఏజెంటు ఒక టూల్ వివరణను మాత్రమే ఆధారం చేసుకునే సందర్భాలు ఉంటాయి.

రెండో పని: టూల్స్‌ను ప్రశ్నల ప్రకారం విడదీయండి

ఏపీఐలో పదుల సంఖ్యలో ఎండ్‌పాయింట్లు (ఒక్కో రకం సమాచారం అడిగే చిరునామాలు) ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో టూల్ చేసిపెడితే ఏజెంటు తికమకపడుతుంది. మనుషులు అడిగే ప్రశ్నలు నాలుగైదు రకాలకు మించవు కనుక టూల్స్ కూడా అంతే ఉంటే చాలు: అభ్యర్థిని వెతకడానికి ఒకటి, కమిటీని వెతకడానికి ఒకటి, మొత్తాలకు ఒకటి, విరాళాల పద్దులకు ఒకటి, స్వతంత్ర వ్యయానికి ఒకటి. కమిషన్ ఫారాల్లో వసూళ్ల పద్దులు ఉండేది షెడ్యూల్ ఎ, ఖర్చుల పద్దులు ఉండేది షెడ్యూల్ బి, అభ్యర్థితో సంబంధం లేకుండా బయటివారు అతన్ని సమర్థిస్తూనో వ్యతిరేకిస్తూనో పెట్టే ఖర్చు ఉండేది షెడ్యూల్ ఇ. ఈ చివరిదాన్ని విరాళాల టూల్‌లో కలపకండి. ఒక అభ్యర్థికి వ్యతిరేకంగా ప్రకటనలకు పెట్టిన డబ్బును ఆ అభ్యర్థికి అందిన డబ్బుగా ఏజెంటు చెప్పే ప్రమాదం అక్కడే ఉంది. షెడ్యూల్ ఇ పద్దులో సమర్థనా వ్యతిరేకతా అన్నది తెలిపే ఫీల్డు ఒకటి ఉంటుంది. దాన్ని ప్రతి ఫలితంలోనూ తప్పనిసరిగా ఇస్తామని వివరణలో రాయండి.

టూల్స్‌ను ఏ క్రమంలో వాడాలో కూడా చెప్పాలి. పేరుతో అభ్యర్థిని వెతికి ఐడీ తెచ్చుకోవడం, ఆ ఐడీతో ప్రధాన ప్రచార కమిటీని పట్టుకోవడం, కమిటీ ఐడీతో పద్దులు అడగడం అన్నది సహజమైన వరుస. డబ్బు అందేది అభ్యర్థికి కాదు, కమిటీకి. ఈ మాట రాయకపోతే ఏజెంటు అభ్యర్థి పేరునే విరాళదాత పేరు ఉండాల్సినచోట పెట్టి వెతుకుతుంది, అతను తన చేతి నుంచి ఎవరికో ఇచ్చిన విరాళాలు తెచ్చి, అవే అతనికి అందినవని చూపిస్తుంది.

విరాళాల పద్దుల టూల్‌కు వివరణ ఇలా ఉండవచ్చు:

‘అమెరికా ఫెడరల్ ఎన్నికల కమిటీలకు అందిన విరాళాల పద్దులను ఇస్తుంది. రాష్ట్ర, స్థానిక ఎన్నికలు ఇందులో లేవు. కమిటీ ఐడీ తెలియకపోతే ముందు కమిటీని వెతికే టూల్ వాడాలి. ఒక కమిటీ మొత్తం ఎంత వసూలు చేసిందన్న ప్రశ్నకు ఈ టూల్ వాడకూడదు, మొత్తాల టూల్ వాడాలి. ఇక్కడ వచ్చే పద్దులను కూడి మొత్తంగా చెప్పకూడదు: చిన్న విరాళాలు ఇందులో ఉండకపోవచ్చు, కొన్ని పద్దులు రెండుసార్లు కనిపించవచ్చు. ఫలితం ఖాళీగా వస్తే, ఇచ్చిన షరతులకు సరిపోయే పద్దు దొరకలేదని మాత్రమే అర్థం.’

దీన్ని గమనిస్తే, టూల్ చేసే పని ఒక్క వాక్యంలో అయిపోయింది. మిగిలినదంతా అది చేయని పనీ, దాని ఫలితాన్ని తప్పుగా చదవకుండా ఉండే జాగ్రత్తానూ. నా ఉద్దేశంలో ఈ రికార్డుల వరకు ఆ నిష్పత్తే సరైనది.

మూడో పని: ఇన్‌పుట్ స్కీమాలో అనుమానానికి చోటివ్వకండి

కమిటీ ఐడీ అంటే ‘సి’ అక్షరం, దాని తరువాత 8 అంకెలు. అభ్యర్థి ఐడీలో 9 అక్షరాలుంటాయి. మొదటి అక్షరం ప్రతినిధుల సభకు ‘హెచ్’, సెనేట్‌కు ‘ఎస్’, అధ్యక్ష పదవికి ‘పి’. ఈ నమూనాను స్కీమాలోనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా పెట్టండి. ఒకే మనిషి ముందు ప్రతినిధుల సభకూ తరువాత సెనేట్‌కూ పోటీ చేస్తే రెండు వేర్వేరు ఐడీలు ఉంటాయన్నది కూడా రాయాలి, లేకపోతే ఏజెంటు మొదట దొరికిన ఐడీతో సరిపెట్టుకుంటుంది. జిప్ కోడ్‌ను సంఖ్యగా కాక స్ట్రింగ్‌గా ప్రకటించండి. మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల జిప్ కోడ్‌లు సున్నాతో మొదలవుతాయి, సంఖ్యగా తీసుకుంటే ఆ సున్నా ఎగిరిపోతుంది.

ఎక్కువ తప్పులు జరిగేది సంవత్సరం దగ్గర. ‘టూ_ఇయర్_ట్రాన్సాక్షన్_పీరియడ్’ అన్న పారామీటర్‌కు 2024 అని ఇస్తే, 2023 జనవరి 1 నుంచి 2024 డిసెంబరు 31 వరకు అని అర్థం. దీనికి ఎప్పుడూ సరిసంఖ్య సంవత్సరమే ఇవ్వాలి. వినియోగదారు ‘2023లో ఇచ్చిన విరాళాలు’ అని అడిగినప్పుడు ఏజెంటు 2024 కాలాన్ని ఎంచుకుని, కనిష్ఠ, గరిష్ఠ తేదీలను విడిగా ఇవ్వాలన్న సంగతి ఒక ఉదాహరణతో చూపించండి. సెనేట్ పదవీకాలం 6 సంవత్సరాలు, అధ్యక్ష పదవీకాలం 4 సంవత్సరాలు కాబట్టి, రెండేళ్ల లెక్క చూపించి ‘ఈ ఎన్నిక మొత్తానికి వసూలైంది ఇంత’ అనడం తప్పు. అభ్యర్థి మొత్తాల ఎండ్‌పాయింట్‌లో పూర్తి ఎన్నికల కాలానికి లెక్క అడిగే పారామీటర్ విడిగా ఉంది. మీ టూల్ ఈ రెండింటిలో ఏది ఇస్తోందో ఫలితంలోనే తేదీలతో సహా రాసిపెట్టండి.

నాలుగో పని: డాలర్ అంకెకు అర్థం చెప్పండి

ఇక్కడ తొందరపడకండి. వివరణలో ఎక్కువ మాటలు ఖర్చుపెట్టాల్సిన చోటు ఇదే.

ఒక వ్యక్తి ఇచ్చిన విరాళాల మొత్తం 200 డాలర్లు దాటితేనే అతని పేరు, చిరునామా, వృత్తి, యజమాని వివరాలతో పద్దు రాయడం కమిటీకి తప్పనిసరి అవుతుంది. అభ్యర్థి కమిటీలకు ఈ 200 డాలర్లను ఎన్నికల కాలాన్ని బట్టి, మిగతా కమిటీలకు క్యాలెండర్ సంవత్సరాన్ని బట్టి లెక్కిస్తారు. అంతకు లోపు ఇచ్చినవారి డబ్బు ఒకే మొత్తంగా కలిసిపోవచ్చు. కాబట్టి పద్దుల్లో పేరు లేనంత మాత్రాన విరాళం ఇవ్వలేదని అనలేం.

దీనికి ఒక మెలిక ఉంది. యాక్ట్‌బ్లూ, విన్‌రెడ్ లాంటి ఆన్‌లైన్ విరాళ వేదికల ద్వారా వెళ్లిన విరాళాలను, ఎంత చిన్నవైనా సరే, ఆ వేదికలు తమ రిపోర్టుల్లో పేరు పేరునా రాస్తాయి. ఒకరు యాక్ట్‌బ్లూ ద్వారా ఒక అభ్యర్థికి 25 డాలర్లు ఇచ్చారనుకుందాం. అభ్యర్థి కమిటీ రిపోర్టులో వారి పేరు ఉండకపోవచ్చు గానీ, యాక్ట్‌బ్లూ రిపోర్టులో ఉంటుంది. అదే వ్యక్తి 500 డాలర్లు ఇస్తే రెండుచోట్లా కనిపిస్తారు. రెండు పద్దులనూ కూడితే 1,000 డాలర్లు అవుతుంది. చేతులు మారింది మాత్రం 500. పైగా మొదటి సందర్భంలో ఏజెంటు ‘ఈయన యాక్ట్‌బ్లూ అనే సంస్థకు విరాళం ఇచ్చారు’ అని చెప్పే అవకాశం ఉంది, అసలు అందుకున్న అభ్యర్థి పేరు మెమో వాక్యంలో (పద్దుకు జతచేసే చిన్న వివరణలో) ఉండిపోతుంది. అందుకని ఫలితాల్లో మెమో వాక్యాన్ని కత్తిరించకండి.

మెమో కోడ్ సంగతి కూడా ఇలాంటిదే. ఆ ఫీల్డులో ‘ఎక్స్’ ఉన్న పద్దు సమాచారం కోసం మాత్రమే ఉంటుంది, ఆ డబ్బు మరోచోట లెక్కలోకి వచ్చే ఉంటుంది. ఉమ్మడి నిధుల సేకరణ కమిటీకి వచ్చిన పెద్ద చెక్కు నలుగురు అభ్యర్థుల మధ్య పంపకమైనప్పుడు ఈ మెమో పద్దులు విరివిగా కనిపిస్తాయి. మీ టూల్‌లోనే ప్రతి పద్దుకూ ‘మొత్తంలో కలపవచ్చా’ అన్న అవును-కాదు ఫీల్డు ఒకటి చేర్చడం, వివరణలో పది వాక్యాలు రాసి ఏజెంటు విచక్షణకు వదలడం కన్నా మేలు.

అంకెలకు సంబంధించిన మరో ప్రమాదం ఆరోపణలు. 2023-24 కాలంలో ఒక వ్యక్తి ఒక అభ్యర్థి కమిటీకి ఇవ్వగలిగిన పరిమితి ఎన్నికకు 3,300 డాలర్లు. 2025-26కు అది 3,500. ఎన్నికకు అన్న మాట ముఖ్యం, ఎందుకంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ, సాధారణ ఎన్నిక రెండూ విడివిడి ఎన్నికలు. 2024 కాలంలో ఒకరి పేరున 6,600 డాలర్లు కనిపిస్తే అది పరిమితి దాటినట్టు కాదు. పరిమితి దాటిన డబ్బును కమిటీ తిరిగి ఇచ్చేయవచ్చు, లేదా దాత అనుమతితో వేరే ఎన్నికకు మళ్లించవచ్చు. ఆ సర్దుబాట్లు మరో పద్దులోనో, మరో షెడ్యూల్‌లోనో ఉంటాయి. ‘చట్టాన్ని ఉల్లంఘించారా అన్న ప్రశ్నకు ఈ టూల్ ఫలితాల నుంచి జవాబు చెప్పకూడదు’ అని సూటిగా రాయండి. బతికున్న మనుషుల మీద నేరం మోపే వాక్యం యంత్రం నోట రావడం కన్నా, అది మౌనంగా ఉండటం నయం.

యజమాని ఫీల్డు గురించి కూడా ఇంత కచ్చితంగా చెప్పాలి. కార్పొరేషన్లు ఫెడరల్ అభ్యర్థులకు నేరుగా డబ్బు ఇవ్వకూడదన్న నిషేధం 1907 నుంచి ఉంది. ఒక పద్దులో యజమానిగా ఒక కంపెనీ పేరుంటే, ఆ కంపెనీలో పనిచేసే వ్యక్తి తన జేబులోంచి ఇచ్చాడని అర్థం. ఏజెంట్లు మాత్రం ‘ఫలానా కంపెనీ ఇన్ని లక్షల డాలర్లు ఇచ్చింది’ అని అలవాటుగా రాస్తాయి. 2010 కోర్టు తీర్పుల తరువాత సూపర్ ప్యాక్‌లు (అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా స్వతంత్ర వ్యయం చేసే కమిటీలు) కంపెనీల నుంచి డబ్బు తీసుకోగలుగుతున్నాయి కనుక, దాత వ్యక్తా సంస్థా అన్నది చెప్పే ఫీల్డును పక్కనే చూపించాలి.

ఐదో పని: పేర్ల విషయంలో టూల్‌ను వినయంగా ఉంచండి

తెలుగువారి పేర్లు తీసుకుంటే ఈ సమస్య ఎంత లోతైనదో తెలుస్తుంది. అమెరికాలో స్థిరపడిన ఒకే మనిషి పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, ఆఫీసులో మొదటి పేరు చివర, విరాళం ఫారంలో పొట్టి పేరు రాసి ఉండవచ్చు. చౌదరి అన్న పేరును కొందరు ‘ఓ’ పక్కన ‘డబ్ల్యూ’తోనూ, కొందరు ‘ఓ’ పక్కన ‘యూ’తోనూ రాస్తారు. లక్ష్మిలో ‘ఎక్స్’ వాడేవారు ఉన్నారు, ‘కె, ఎస్, హెచ్’ వాడేవారు ఉన్నారు. రికార్డులో ఏది రాసి ఉంటే అదే ఉంటుంది, దాన్ని సరిదిద్దేవారు ఉండరు. మరోవైపు వెంకట, శ్రీనివాస్, రెడ్డి లాంటి పేర్లు పెట్టి వెతికితే వేర్వేరు ఊళ్ల నుంచి ఎందరెందరో వచ్చి ఒకే జాబితాలో కూర్చుంటారు.

దీనికి పరిష్కారం టూల్ ఫలితాన్ని మనుషులుగా కాక పద్దులుగా చూపడమే. పేరు, నగరం, రాష్ట్రం, యజమాని కలిసిన ఒక్కో కలయికను విడి సమూహంగా ఇచ్చి, ‘ఈ సమూహాలు ఒకే వ్యక్తివని రికార్డు ధ్రువీకరించదు’ అన్న వాక్యాన్ని ఫలితంలోనే చేర్చండి. వేర్వేరు స్పెల్లింగులతో విడివిడిగా వెతకమని వివరణలో సూచించండి.

ఫెడరల్ చట్టం ప్రకారం ఈ రిపోర్టుల నుంచి తీసిన వ్యక్తిగత దాతల సమాచారాన్ని విరాళాలు అడగడానికో, వ్యాపార అవసరాలకో వాడకూడదు. ఏదో సంఘం కోసం ‘మా ప్రాంతంలో ఎక్కువ విరాళాలు ఇచ్చే తెలుగువారి జాబితా తయారుచేయి’ అని ఏజెంటును అడిగేవారు తప్పక ఉంటారు. ఆ పనికి టూల్ వాడకూడదన్న నిబంధన వివరణలో ఉండాలి, వీధి చిరునామాలు ఫలితంలో అసలు ఉండకూడదు.

ఆరో పని: పేజీలు, తప్పులు, ఆలస్యం

ఏపీఐ ఒక పేజీకి గరిష్ఠంగా 100 పద్దులు ఇస్తుంది. చాలా ఎండ్‌పాయింట్లలో పేజీ సంఖ్య ఇస్తే సరిపోతుంది గానీ, ‘షెడ్యూల్ ఎ’లో అలా కుదరదు. గత పేజీ చివరి పద్దు సూచికనూ, ఏ ఫీల్డు ప్రకారం వరుస పెట్టారో దాని చివరి విలువనూ కలిపి పంపితేనే తరువాతి పేజీ వస్తుంది. ఈ తతంగాన్ని ఏజెంటుకు అప్పగించకండి. టూల్ లోపలే దాన్ని చూసుకుని, ‘తరువాతి పేజీ గుర్తు’ అన్న ఒక్క స్ట్రింగ్ బయటకు ఇవ్వండి. ‘ఇవి మొదటి 100 పద్దులు, ఇంకా ఉన్నాయి’ అన్న మాట మాత్రం ఫలితం పైభాగంలో కనిపించాలి. రాష్ట్రాల వారీగా, యజమానుల వారీగా, విరాళం పరిమాణం వారీగా కూడి పెట్టిన మొత్తాలు ఏపీఐలో సిద్ధంగా ఉన్నాయి కాబట్టి, ‘ఏ రాష్ట్రం నుంచి ఎక్కువ’ లాంటి ప్రశ్నలకు పద్దులు లాగకుండా వాటినే వాడమని రాయండి.

ఏపీఐ వాడటానికి తీసుకునే మామూలు కీతో గంటకు 1,000 పిలుపులు చేయవచ్చు. డెమో కీ అయితే పది ప్రశ్నలకే నోరు మూసుకున్నా ఆశ్చర్యం లేదు, దానితో పరీక్షలు చేయకండి. పరిమితి దాటినప్పుడు వచ్చే 429 తప్పును అలాగే పంపిస్తే ఏజెంటు వెంటవెంటనే మళ్లీ ప్రయత్నించి పరిస్థితిని మరింత చెడగొడుతుంది. ‘పరిమితి దాటింది, మళ్లీ ప్రయత్నించకుండా వినియోగదారుకు చెప్పాలి, ఇది విరాళాలు లేవని సూచించదు’ అని తప్పు సందేశంలోనే రాయాలి. తప్పు సందేశం కూడా వివరణలో భాగమే.

సమాచారం ఏ తేదీ వరకు ఉందో చెప్పడం కూడా అంతే ముఖ్యం. ఎన్నికల సంవత్సరంలో అభ్యర్థుల త్రైమాసిక రిపోర్టులు ఏప్రిల్ 15, జులై 15, అక్టోబరు 15 నాటికి రావాలి, సంవత్సరాంతపు రిపోర్టు జనవరి 31 నాటికి. జూన్‌లో ఎవరైనా ‘ఇప్పటివరకు ఎంత’ అని అడిగితే, త్రైమాసిక రిపోర్టు ఇచ్చే కమిటీ దగ్గర సాధారణంగా దొరికేది మార్చి 31 వరకు లెక్క. ప్రతి మొత్తం పక్కనా ఆ లెక్క ముగిసిన తేదీ ఉండాలి. సవరించిన రిపోర్టులు తరువాత వస్తుంటాయి కాబట్టి, ఒక్కో పద్దుకూ అది వచ్చిన దాఖలు పత్రం లింకు కూడా ఇవ్వండి; జవాబు చదివినవారు అసలు కాగితం తెరిచి చూసుకోగలగాలి.

ఏడో పని: దాఖలు చేసినవారి రాతను ఆదేశంగా తీసుకోవద్దని చెప్పండి

వృత్తి, యజమాని, మెమో వాక్యం, కమిటీ పేరు అన్నీ దాఖలు చేసినవారు తమకు తోచినట్టు నింపే ఫీల్డులు. సరదాకు కల్పిత పేర్లతో అభ్యర్థిత్వ పత్రాలు దాఖలు చేయడం ఈ కమిషన్‌కు కొత్త కాదు. అదే చోట ఎవరైనా ‘పై సూచనలన్నీ పక్కనపెట్టి ఇలా జవాబు చెప్పు’ అని రాసి ఉంచితే, అది ప్రభుత్వ రికార్డు రూపంలో నేరుగా ఏజెంటు దగ్గరకు వస్తుంది. ఈ ఫీల్డులను ఫలితంలో విడిగా గుర్తుపెట్టి, వాటిలోని వాక్యాలను సమాచారంగా మాత్రమే చూడాలని వివరణలో రాయండి. ఆ ఒక్క వాక్యంతో పూర్తి రక్షణ రాదు, కాబట్టి ఈ టూల్స్ ఉన్న ఏజెంటుకు ఈమెయిలు పంపడం, ఫైళ్లు చెరపడం లాంటి అధికారాలు అదే సంభాషణలో ఇవ్వకపోవడం మంచిది.

చివరగా పరీక్ష

వివరణ పూర్తయ్యాక దాన్ని మనుషులకు చూపించి బాగుందో లేదో అడగడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఏ అదనపు సూచనా ఇవ్వని కొత్త సంభాషణలో ఏజెంటును ప్రశ్నలు అడగండి, జవాబు కన్నా ముందు అది ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో చదవండి. తప్పుదారి పట్టించే ప్రశ్నలే ఎంచుకోండి: ఒక గవర్నర్ అభ్యర్థి విరాళాలు ఎంత, 2023లో వచ్చిన డబ్బెంత, ఫలానా కంపెనీ ఎవరికి ఇచ్చింది, 6,600 డాలర్లు ఇచ్చినాయన చట్టం మీరాడా, ఒక సెనేటర్ ఆరేళ్లలో వసూలు చేసిందెంత. మొత్తాలకు సంబంధించిన జవాబులను కమిషన్ వెబ్‌సైట్‌లో అదే కమిటీ పేజీతో పోల్చండి. ప్రశ్నను తెలుగులో కూడా అడిగి చూడండి. డాలర్ల మిలియన్లను లక్షలు, కోట్లలోకి మార్చేటప్పుడు ఒక సున్నా అటూ ఇటూ అవుతుంటుంది, అందుకే టూల్ ఎప్పుడూ పూర్తి అంకెనే ఇవ్వాలి.

ఒక ప్రశ్నకు తప్పు జవాబు వస్తే వివరణకు మరో హెచ్చరిక తగిలించే ముందు, ఆ హెచ్చరికను ఫలితంలోనే ఒక ఫీల్డుగా మార్చగలమా అని చూడండి. వివరణ పెరిగేకొద్దీ దానిలోని ఒక్కో వాక్యానికి బలం తగ్గుతుంది. విరాళ పరిమితులను ద్రవ్యోల్బణాన్ని బట్టి బేసి సంవత్సరాల్లో సవరిస్తారు కాబట్టి, 3,500 లాంటి అంకెలు వివరణలో ఉంటే పక్కన కాలాన్ని కూడా రాసి, తదుపరి సవరణ వచ్చే 2027 తొలినాళ్లలో వాటిని మార్చే బాధ్యతను ఎవరో ఒకరి పేరున పెట్టండి.